ట్రైనింగ్ ఆరో వారంలో ఉంది, జర్నల్ ప్రీరిజిస్ట్రేషన్ అడుగుతోంది: ఇప్పుడేం చేయొచ్చు?

ప్రశ్న: విశాఖపట్నంలో ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. కాలేజీ కబడ్డీ అమ్మాయిలు 30 మంది. 15 మందికి 12 వారాల ప్లయోమెట్రిక్ ట్రైనింగ్ (దూకే, ఎగిరే వ్యాయామాలు), మిగతా 15 మంది కంట్రోల్ గ్రూపు. వెర్టికల్ జంప్ ఎంత పెరుగుతుందో చూస్తున్నాను. ప్రీ టెస్ట్ అయిపోయింది, ఆరో వారం నడుస్తోంది. గైడ్ గారు విదేశీ జర్నల్‌కి పంపమన్నారు. ఆ జర్నల్ నియమాలు చూస్తే ప్రీరిజిస్ట్రేషన్ (విశ్లేషణ ప్లాన్ ముందే రాసి నమోదు చేయడం) ఉందా, డేటా ఎక్కడ పెట్టారు, శాంపిల్ ఇంతే ఎందుకు తీసుకున్నారు అని ఉంది. చదివితే టెన్షన్ వచ్చేసింది. ఇవి మనలాంటి వాళ్ళకి కుదిరే పనులేనా? డేటా బయట పెడితే ఎవరైనా వాడేసుకుంటే?

సమాధానం:

కుదురుతాయి అమ్మా. ఖర్చు లేకుండా, మీ ల్యాప్‌టాప్ మీదే కుదురుతాయి. కాకపోతే ఇవి పేపర్ రాశాక పంపేముందు నింపే ఫారాలు కావు. పోస్ట్ టెస్ట్ రోజు రాకముందే చేయాల్సిన పనులు. మీకింకా ఆరు వారాల టైముంది, మీరు సరైన టైమ్‌లోనే అడిగారు. నేను ఇక్కడే విశాఖలో స్పోర్ట్స్ ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్ చెప్తూ, స్కాలర్స్ థీసిస్‌లు చూస్తూ, జర్నల్స్‌కి రివ్యూలు రాస్తూ చాలా కాలంగా ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీ పరిస్థితి. ట్రైనింగ్ మొదలైపోయింది కాబట్టి "స్టడీ మొదలవకముందే రిజిస్టర్ చేశాం" అని మీరు రాయలేరు, రాయకూడదు. కానీ పోస్ట్ టెస్ట్ డేటా ఇంకా పుట్టలేదు కదా, దాన్ని ఎలా విశ్లేషిస్తారో ఇప్పుడే రాసి తేదీతో సహా దాచుకోవచ్చు. ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ అనే ఉచిత సైట్‌లో రిజిస్ట్రేషన్ ఫారం తెరిస్తే అందులోనే అడుగుతారు: డేటా ఇంకా పుట్టలేదా, పుట్టింది కానీ ఎవరూ చూడలేదా, చూశారు కానీ విశ్లేషించలేదా అని. మీకు సరిపోయేది ఎంచుకుని, ప్రీ టెస్ట్ ఫలానా నెలలో అయింది, అంకెలు మేం చూశాం, పోస్ట్ టెస్ట్ ఫలానా వారంలో జరుగుతుంది అని ఉన్నది ఉన్నట్టు రాసేయండి. ఆజ్‌ప్రెడిక్టెడ్ అని ఇంకో సైట్ ఉంది, ఫారం చాలా చిన్నది, అదైనా ఫరవాలేదు. మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ మాత్రం మీకు ఇప్పుడు పనికిరాదు, ఎందుకంటే 2018 ఏప్రిల్ 1 నుంచి అది మొదటి మనిషి చేరకముందే వచ్చిన ట్రయల్స్‌నే తీసుకుంటోంది. ఆరోగ్యవంతులైన క్రీడాకారిణుల జంప్ ఎత్తు కొలిచే స్టడీ క్లినికల్ ట్రయల్ కిందికి వస్తుందా రాదా అన్నది జర్నల్‌ని బట్టి మారుతుంది. పంపేముందు ఎడిటర్‌కి నాలుగు లైన్ల మెయిల్ పెట్టి అడిగేయండి. పంపాక తిరస్కరించారని బాధపడేకన్నా అది నయం.

ఇప్పుడు జర్నల్స్ ఇదంతా ఎందుకు అడుగుతున్నాయి అన్నది. ఇది అర్థం కాకపోతే మీరు ఫారం నింపుతారు గానీ పని జరగదు.

మీ స్టడీనే తీసుకుందాం. జంప్ మూడు సార్లు చేయిస్తారు. మూడింటిలో బెస్ట్ తీసుకుంటారా, సగటు తీసుకుంటారా? చేతులు ఊపుతూ ఎగరడమా, నడుము మీద చేతులు పెట్టుకునా? గోడ మీద సుద్ద ముద్ర కొలుస్తారా, మ్యాట్ మీద గాల్లో ఉన్న టైమ్ నుంచి లెక్క కడతారా? ట్రైనింగ్‌కి సగం రోజులే వచ్చిన అమ్మాయిని ఉంచుతారా, తీసేస్తారా? ఒక్కరికి 9 సెంటీమీటర్లు పెరిగితే అది నిజమా, కొలతలో తేడానా, ఎవరు తేల్చాలి? పెరిగిన తేడాల మీద టీ టెస్ట్ (రెండు గ్రూపుల సగటులు పోల్చే పరీక్ష) చేస్తారా, ప్రీ టెస్ట్‌ని కలుపుకుని లెక్కకట్టే ఆంకోవా చేస్తారా? ఒక్కొక్క ప్రశ్నకీ రెండు మూడు సమంజసమైన జవాబులున్నాయి, అన్నీ కలిపితే డజన్ల కొద్దీ దారులు. డేటా చేతికొచ్చాక ఆ దారులన్నీ నడిచి చూసి "సిగ్నిఫికెంట్ వచ్చింది" అన్న ఒక్క దారినే పేపర్లో పెడితే, అబద్ధం ఒక్క అక్షరం లేకపోయినా పేపర్ మొత్తం తప్పుదారి పట్టిస్తుంది. రైడ్ అయిపోయాక, రైడర్ కాలు ఎక్కడిదాకా వెళ్ళిందో చూసుకుని బోనస్ లైన్ గీసినట్టు. లైన్ ముందే ఉండాలి. ప్రీరిజిస్ట్రేషన్ అంటే ఆ లైన్ ముందే గీసి పదిమందికీ కనిపించేలా పెట్టడం, అంతకుమించి ఏం లేదు.

లెక్క కూడా చూడండి. ట్రైనింగ్ వల్ల నిజంగా ఏ మార్పూ లేదనుకుందాం. అయినా జంప్, స్ప్రింట్, అజిలిటీ, కాళ్ళ బలం, బ్యాలెన్స్ అని సంబంధం లేని ఐదు కొలతలు తీసుకుని ఒక్కోదానికీ 0.05 గీత (పి వాల్యూ, అంటే నిజంగా ఏ ప్రభావం లేకపోయినా ఇంత లేదా ఇంతకన్నా పెద్ద తేడా ఊరికే వచ్చే అవకాశం, దీనికన్నా తక్కువుంటే "సిగ్నిఫికెంట్") పెట్టుకుంటే, కనీసం ఒకదాంట్లో ఊరికే "సిగ్నిఫికెంట్" వచ్చే అవకాశం 23 శాతం. పది కొలతలైతే 40 శాతం. మన థీసిస్‌లలో ఎన్ని వేరియబుల్స్ పెడతామో మీకు తెలుసు. అందుకే ఒక్కటి, ఒకే ఒక్కటి, ప్రధాన ఫలితంగా ముందే ప్రకటించమని జర్నల్స్ పట్టుబడుతున్నాయి. మిగతావి కొలవద్దని ఎవరూ అనరు. అవి అన్వేషణ కోసం చూసినవి అని పేపర్లో వేరుగా చెప్పండి, చాలు.

స్పోర్ట్స్ సైన్స్‌లో ఈ జబ్బు ఊహ కాదు. బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో 2020లో వచ్చిన ఒక పరిశీలనలో, పేపర్లలో రాసిన మొదటి హైపోథిసిస్ (ముందు వేసుకున్న అంచనా) నిజమైందని తేలినవి 80 శాతానికి పైగా ఉన్నాయి. ఇంత చిన్న శాంపిల్స్‌తో అంతమంది అంచనాలు అన్నిసార్లు నిజమవడం నమ్మశక్యం కాదని ఆ రచయితలు పేపర్ శీర్షికలోనే అన్నారు. శాంపిల్స్ ఎంత చిన్నవంటే, అదే ఏడాది జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ సైన్సెస్ తన పేజీల్లోనే వచ్చిన 120 పేపర్లు తిరగేసి చూసుకుంటే మధ్యస్థ శాంపిల్ 19 మంది. తన లోపాన్ని తనే లెక్కపెట్టి అచ్చేసిన జర్నల్ అంటే నాకు గౌరవం. ఐర్లాండ్‌లో ఒక బృందం పాత స్టడీలను ఏళ్ళ తరబడి మళ్ళీ చేసి చూస్తే సగం కూడా నిలబడలేదు.

మాగ్నిట్యూడ్ బేస్డ్ ఇన్ఫరెన్స్ కథ మీరు తప్పక తెలుసుకోవాలి, ఎందుకంటే మీ సాహిత్య సమీక్షలో ఆ పద్ధతి వాడిన పేపర్లు బోలెడు తగులుతాయి. 2006లో బాటరామ్, హాప్‌కిన్స్ అనే ఇద్దరు ప్రతిపాదించారు. పి వాల్యూ బదులు "బహుశా ప్రయోజనకరం", "చాలావరకు ప్రయోజనకరం" లాంటి మాటల్లో ఫలితం చెప్పే పద్ధతి అది. చిన్న శాంపిల్స్‌తో తిప్పలు పడే మన రంగానికి అది వరంలా కనిపించింది, వందల పేపర్లు వచ్చాయి. లెక్కంతా ఎక్సెల్ షీట్లలో ఉండేది, అంకెలు వేస్తే జవాబు వచ్చేది, లోపల ఏం జరుగుతోందో చాలామంది చూడలేదు. 2015లోనే ఇద్దరు ఆస్ట్రేలియా స్టాటిస్టీషియన్లు హెచ్చరించారు. 2018లో స్టాన్‌ఫర్డ్‌కి చెందిన క్రిస్టిన్ సైనాని మెడిసిన్ అండ్ సైన్స్ ఇన్ స్పోర్ట్స్ అండ్ ఎక్సర్‌సైజ్ జర్నల్‌లో ఆ లెక్కని విప్పి చూపించారు. లేని ప్రభావాన్ని ఉందని చెప్పే తప్పు, సరిగ్గా చిన్న శాంపిల్స్ దగ్గరే ఆ పద్ధతిలో బాగా పెరుగుతుందని. ఆ తర్వాత కొన్ని జర్నల్స్ ఆ పద్ధతిని ఒప్పుకోవడం మానేశాయి. పన్నెండేళ్ళు పట్టింది. ఈలోపు ఎంతమంది కోచ్‌లు ఎన్ని ట్రైనింగ్ ప్లాన్‌లు ఆ ఫలితాలు నమ్మి మార్చుకున్నారో ఎవరు చెప్పగలరు?

డేటా ఎందుకు అడుగుతారో చెప్పే సంఘటన ఇంకోటి. 2020లో కొందరు పరిశోధకులు బరువుల ట్రైనింగ్ మీద వచ్చిన ఒక వరస పేపర్లను చూసి, అంకెలు అనుమానాస్పదంగా ఉన్నాయి, మనుషులు ఇంత ఒకేలా మెరుగుపడరు అని స్పోర్ట్‌ఆర్కైవ్ అనే ప్రీప్రింట్ సర్వర్‌లో (రివ్యూకి ముందే పేపర్లు పెట్టే సైట్) బహిరంగంగా రాశారు. తర్వాత ఆ పేపర్లలో కొన్నింటిని జర్నల్స్ వెనక్కి తీసుకున్నాయి. ముడి డేటా మొదటి రోజునుంచే పేపర్‌తోపాటు ఉండి ఉంటే అది రివ్యూ దశలోనే తేలిపోయేది. నిజాయితీగా కొలిచిన వాళ్ళకి కూడా అదే డేటా రక్షణ. మీ అంకెల్ని ఎవరైనా అనుమానిస్తే, ఇదిగో చూసుకోండి అనగలిగే స్థితిలో మీరుండాలి.

జర్నల్స్ దీన్ని ఎలా ప్రోత్సహిస్తున్నాయి అంటే మెత్తగా కొన్ని, గట్టిగా కొన్ని. 2015లో టాప్ మార్గదర్శకాలు అని వచ్చాయి, అమెరికాలోని సెంటర్ ఫర్ ఓపెన్ సైన్స్ చొరవతో. డేటా, కోడ్, ప్రీరిజిస్ట్రేషన్, రెప్లికేషన్ (అదే స్టడీ మళ్ళీ చేసి చూడటం) లాంటి ఎనిమిది విషయాల్లో జర్నల్ ఏ మెట్టు మీద ఉందో చెప్పే పద్ధతి: ఇచ్చారా లేదా అని చెప్పించడం మొదటి మెట్టు, తప్పనిసరి చేయడం రెండోది, జర్నలే సరిచూడటం మూడోది. తర్వాత వాటిని సవరించారు కూడా. ఇదంతా చదివాక మీరు చూడాల్సింది ఒక్కటే, మీ జర్నల్ "కోరుతున్నాం" అంటోందా, "తప్పనిసరి" అంటోందా. ఈ రెండింటికీ పేపర్ తిరస్కరణంత తేడా ఉంది.

బ్యాడ్జీలు మెత్తని రకం. సైకలాజికల్ సైన్స్ అనే జర్నల్ 2014లో డేటా పంచుకున్న పేపర్ మీద చిన్న గుర్తు వేయడం మొదలుపెట్టింది. అంతకుముందు 3 శాతం లోపు ఉన్న డేటా పంపకం ఏడాదిన్నరలో 39 శాతానికి వెళ్ళింది. డేటా లభ్యత ప్రకటన కూడా మెత్తని రకమే, కానీ అది ఒక్కటే ఉంటే పనిచేయదు. "అడిగితే ఇస్తాం" అని పేపర్లో రాసిన 1,792 మంది రచయితలకు మెయిల్ పెట్టి అడిగిన పరిశీలన ఒకటి 2022లో వచ్చింది. 93 శాతం మంది జవాబివ్వలేదు, లేదా ఇవ్వమన్నారు. కాబట్టి మీరు ఆ వాక్యం రాయకండి. రాస్తే ఫైల్ లింకు రాయండి, లేదా ఎందుకు ఇవ్వలేరో కారణం రాయండి.

నాకు అన్నిటికన్నా నచ్చినది రిజిస్టర్డ్ రిపోర్ట్. 2013లో కార్టెక్స్ అనే జర్నల్‌లో మొదలైంది, 2021లో జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ సైన్సెస్ కూడా తీసుకుంది. ఇందులో మీరు ఉపోద్ఘాతం, పద్ధతులు, విశ్లేషణ ప్లాన్ మాత్రమే రాసి పంపుతారు, డేటా తీసుకోకముందే. రివ్యూయర్లు ఆ దశలోనే చూస్తారు. కంట్రోల్ గ్రూపు సరిగ్గా లేదనో, జంప్ పరీక్ష సరిపోదనో అప్పుడే చెప్తారు, మార్చుకునే టైముంటుంది. ఒప్పుకుంటే, ఫలితం ఏదొచ్చినా సరే అచ్చేస్తామని ముందే మాటిస్తారు. ట్రైనింగ్ పనిచేయలేదని తేలినా అచ్చవుతుంది! మన రివ్యూయర్లు పని అంతా అయిపోయాక ఈ గ్రూపింగే తప్పు అని రాస్తే స్కాలర్ ఏడవడం నేను చాలాసార్లు చూశాను, ఆ ఏడుపు దీంతో తప్పుతుంది. సైకాలజీలో పోల్చి చూస్తే మామూలు పేపర్లలో 96 శాతం మొదటి హైపోథిసిస్ నిజమైందంటే, రిజిస్టర్డ్ రిపోర్టుల్లో 44 శాతమే. ఆ తేడా అంతా ఇన్నాళ్ళూ అచ్చుకాకుండా బీరువాల్లో ఉండిపోయిన ఫలితాలదే అనను గానీ, చాలావరకు అదే అని నా నమ్మకం. ఈ స్టడీకి మీకు ఆలస్యమైంది. పీహెచ్‌డీలో రెండో ప్రయోగం ఉంటే దానికి ఈ దారి చూడండి. పీర్ కమ్యూనిటీ ఇన్ రిజిస్టర్డ్ రిపోర్ట్స్ అని రచయితల దగ్గర డబ్బు తీసుకోని వేదిక ఒకటుంది, ఇది 2021 నుంచి నడుస్తోంది. అక్కడ ఒప్పుకున్న పేపర్‌ని కొన్ని జర్నల్స్ మళ్ళీ రివ్యూ లేకుండా తీసుకుంటాయి. గైడ్ గారు "ఫలితాలు లేకుండా పేపర్ ఏంటి?" అంటారు. సినాప్సిస్ అంటే అదే కదా సార్, దాన్నే బయటివాళ్ళకీ చూపిస్తున్నాం అని చెప్పండి.

శాంపిల్ సైజ్ ప్రశ్నకి వద్దాం. గ్రూపుకి 15 మందితో, 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం), మామూలు టీ టెస్ట్ పట్టుకోగలిగే తేడా 1.06 స్టాండర్డ్ డీవియేషన్లు (మనిషికీ మనిషికీ మధ్య ఉండే చెదురుకి కొలత). అది చాలా పెద్ద తేడా. సగం డీవియేషన్ తేడా పట్టుకోవాలంటే గ్రూపుకి 64 మంది కావాలి, విశాఖ కాలేజీలన్నీ తిరిగినా అంతమంది కబడ్డీ అమ్మాయిల్ని 12 వారాలు నిలబెట్టడం మీవల్ల కాదు. కానీ మీ దగ్గర ప్రీ టెస్ట్ ఉంది. ప్రీ టెస్ట్‌కీ పోస్ట్ టెస్ట్‌కీ కోరిలేషన్ (రెండు కొలతలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె) 0.8 ఉంటే, ఆంకోవా వాడితే ఆ 1.06 కాస్తా దాదాపు 0.64కి దిగుతుంది. ఒక్క మనిషిని అదనంగా చేర్చకుండా! అందుకే కొలత శుభ్రంగా ఉండాలి. ఇద్దరు సహాయకులు వేర్వేరుగా కొలిస్తే, ఒకరోజు పొద్దున్నే ఇంకోరోజు ఎండ నెత్తిమీదికొచ్చాక పరీక్ష పెడితే ఆ కోరిలేషన్ పడిపోతుంది. మన బీచ్ గాలి ఉక్క సంగతి మీకు నేను చెప్పాలా, టైమ్, నేల, పాదరక్షలు, ఆ రోజు ఉష్ణోగ్రత, తేమ అన్నీ డేటా ఫైల్‌లో కాలమ్స్‌గా రాయండి. ఇక జర్నల్‌కి "మాకు అందుబాటులో ఉన్నవాళ్ళు 30 మందే, వాళ్ళతో ఇంత తేడా వరకే పట్టుకోగలం" అని నిజం రాయండి. అదీ జస్టిఫికేషనే. ఎక్కడో పేపర్లోంచి అనుకూలమైన ఎఫెక్ట్ సైజ్ (తేడా ఎంత పెద్దదో చెప్పే అంకె) తెచ్చి, శాంపిల్ లెక్కగట్టే జీపవర్ సాఫ్ట్‌వేర్‌లో వేసి సరిగ్గా 30 వచ్చేలా చేయడాన్ని రివ్యూయర్లు ఇట్టే పట్టేస్తారు.

ఇదే సందర్భంలో ఇంకో మాట. మన థీసిస్‌లలో ట్రైనింగ్ గ్రూపులో ప్రీ, పోస్ట్ తేడా సిగ్నిఫికెంట్, కంట్రోల్‌లో కాదు, కాబట్టి ట్రైనింగ్ పనిచేసింది అని రాయడం అలవాటు. అది తప్పు. రెండు గ్రూపుల మధ్య తేడాని నేరుగా పరీక్షించాలి. అలాగే రెండే గ్రూపులు ఉన్నప్పుడు షెఫే పోస్ట్ హాక్ టెస్ట్ (మూడు, అంతకన్నా ఎక్కువ గ్రూపుల్లో ఏ రెండింటికి తేడా ఉందో చూసేది) అక్కర్లేదు, పాత థీసిస్ చూసి దించుకోవడం వల్ల వచ్చే పేరా అది. ప్లాన్‌లో ఇవన్నీ ముందే రాసేస్తే ఎవరో ఒకరు చూసి చెప్పే అవకాశం ఉంటుంది.

ప్లాన్ రాశాక మార్చకూడదా? మార్చొచ్చు. అక్టోబరు, నవంబరులో మనకి తుఫాను వస్తే గ్రౌండ్ వారం రోజులు చెరువైపోతుంది, ట్రైనింగ్ ఆగుతుంది. ఇద్దరమ్మాయిలు యూనివర్సిటీ టోర్నమెంట్‌కి వెళ్ళిపోతారు. ఏం మారింది, ఎందుకు మారింది, డేటా చూడకముందు మార్చారా చూశాక మార్చారా అని పేపర్లో చిన్న పట్టికగా పెట్టండి. ప్లాన్ తప్పిన స్టడీని జర్నల్ తక్కువగా చూడదు, దాచిన స్టడీని చూస్తుంది.

ఇక మీ అసలు భయం, డేటా. ఎవరో కొట్టేస్తారని భయపడకండి. జెనోడో అని సెర్న్ అనే యూరప్ పరిశోధన సంస్థ వాళ్ళు నడిపే ఉచిత నిల్వ ఉంది, ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ ఉంది. ఫైల్ పెడితే డీఓఐ నంబరు (ఆ ఫైల్‌కి శాశ్వత గుర్తింపు), తేదీ, మీ పేరు వస్తాయి. అది మీది అనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? పేపర్ అచ్చయ్యేదాకా మూసి ఉంచుకునే వీలుంది, అచ్చయ్యాక తెరవచ్చు. వాడుకున్నవాళ్ళు మీ పేరు చెప్పాల్సిన లైసెన్స్ పెట్టుకోవచ్చు. మన రంగంలో డేటా దొంగతనం కన్నా, స్కాలర్ ల్యాప్‌టాప్ పాడై డేటా మొత్తం పోవడమే నేను ఎక్కువ చూశాను.

నేను భయపడమనేది ఆ అమ్మాయిల గురించి. పేర్లు తీసేస్తే సరిపోతుందనుకోవద్దు. అమెరికాలో పుట్టిన తేదీ, ఆడా మగా, పోస్టల్ కోడ్ ఈ మూడే ఉంటే 87 శాతం మందిని గుర్తుపట్టొచ్చని 2000లోనే చూపించారు. మీ డేటాలో విశాఖ, ఫలానా కాలేజీ, కబడ్డీ, లెఫ్ట్ కార్నర్, 19 ఏళ్ళు, 171 సెంటీమీటర్లు అని ఉంటే ఆ కాలేజీ వాచ్‌మన్ కూడా ఎవరో చెప్పేస్తాడు. పెద్ద స్థాయి క్రీడాకారుల విషయంలో ఇంకా కష్టం, విశాఖ మహిళా హర్డిలర్, జాతీయ రికార్డు అని రాస్తే పేరు రాయనవసరమే లేదు, జ్యోతి యర్రాజీ అని ఎవరైనా అంటారు. కాబట్టి కాలేజీ పేరు తీసేయండి, వయసు గుంపులుగా ఇవ్వండి, ఆడే స్థానం విశ్లేషణకి అక్కర్లేకపోతే తీసేయండి, ఎత్తు బరువు కాలమ్స్ అన్నీ అవసరమా ఆలోచించండి. గాయాల చరిత్ర, నెలసరి వివరాలు ఉంటే అవి బయట పెట్టనే పెట్టకండి. అడిగినవాళ్ళకి ఎథిక్స్ కమిటీ అనుమతితో ఇస్తాం, దరఖాస్తు ఇలా చేసుకోవాలి అని రాయండి. అసలు అంకెల పోలికలుండి ఏ మనిషికీ చెందని కృత్రిమ డేటా తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఉంది, ఆర్ అనే ఉచిత స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో సింత్‌పాప్ అని. అదైనా పెట్టొచ్చు. జర్నల్స్ దీన్ని ఒప్పుకుంటాయి. డేటా తెరవమంటే అంతా ఊరిమీద పారేయమని అర్థం కాదు.

అన్నిటికీ ముందు వాళ్ళని అడిగారా? సమ్మతి పత్రంలో "పేరు లేకుండా నా కొలతల్ని ఇతర పరిశోధకులు వాడుకోవచ్చు" అనే వాక్యం ఉందా? చాలా పత్రాల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా "మీ సమాచారం మా బృందం తప్ప ఎవరూ చూడరు" అని ఉంటుంది, ఎక్కడో ఇంగ్లిష్ నమూనాలోంచి తెచ్చుకుని. అది రాసి సంతకం పెట్టించుకున్నాక డేటా బయట పెడితే మాట తప్పినట్టే. మీ పత్రం ఇప్పుడే తీసి చూడండి. ఆ వాక్యం లేకపోతే ఎథిక్స్ కమిటీకి సవరణ పెట్టి, ఒప్పుకున్నాక అమ్మాయిలకి తెలుగులో, వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో చెప్పి మళ్ళీ సంతకం తీసుకోండి. వద్దన్న అమ్మాయి డేటా తెరిచే ఫైల్‌లో ఉండకూడదు, ట్రైనింగ్‌లో మాత్రం ఆమె మామూలుగా కొనసాగాలి. కోచ్ పక్కన నిలబడి ఉండగా అడగకండి, వాళ్ళు వద్దనలేరు. ఇంటర్ చదివే పిల్లలు, 18 నిండనివాళ్ళు ఉంటే తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి, 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం కూడా 18 లోపు అందర్నీ పిల్లలుగానే చూస్తుంది.

ఫైల్ ఎలా ఉండాలంటే, ఎక్సెల్‌లో రంగులు వేసి, కలిపేసిన గడులతో కాకుండా మామూలు సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్)లో, ఒక వరస ఒక మనిషి ఒక పరీక్ష. పక్కన ఇంకో చిన్న ఫైల్‌లో ఏ కాలమ్ అంటే ఏమిటి, యూనిట్ ఏంటి, ఖాళీ ఉంటే ఎందుకు అని రాయండి. స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్ వాడితే మెనూలో ఓకే కొట్టకుండా పేస్ట్ నొక్కండి, చేసిన ప్రతి పనీ సింటాక్స్‌గా ఫైల్‌లో పడుతుంది, జర్నల్ కోడ్ అడిగితే అదే ఇవ్వొచ్చు. లైసెన్స్ లేకపోతే జాస్ప్, జమోవి ఉచితం, డేటా, విశ్లేషణ ఒకే ఫైల్‌లో ఉంటాయి.

చివరగా ఒక గందరగోళం తీర్చాలి, దీనివల్ల మన పిల్లలు డబ్బులు పోగొట్టుకుంటున్నారు. ఓపెన్ యాక్సెస్ (పేపర్ ఉచితంగా చదవనివ్వడం) వేరు, ఓపెన్ సైన్స్ (ప్లాన్, డేటా, కోడ్ చూపించడం) వేరు. వేలకు వేలు కట్టించుకుని వారంలో అచ్చేస్తామనే జర్నల్ పేపర్‌ని అందరికీ ఉచితంగానే చూపిస్తుంది, కానీ అందులో డేటా ఉండదు, ప్లాన్ ఉండదు, రివ్యూ కూడా ఉండదు. 2025 ఫిబ్రవరిలో యూజీసీ కేర్ లిస్ట్ (యూజీసీ ఒప్పుకున్న జర్నల్స్ జాబితా) ఎత్తేశారు కాబట్టి ఏది మంచి జర్నలో తేల్చుకునే బాధ్యత ఇప్పుడు మీది, మీ గైడ్‌ది. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకి దాదాపు 13,000 జర్నల్స్ చదివే వీలిస్తోంది. మీ యూనివర్సిటీ అందులో ఉంటే పంపాలనుకున్న జర్నల్‌లో ఈ మధ్య వచ్చిన ట్రైనింగ్ స్టడీలు కొన్ని తెరిచి డేటా లింకులు నొక్కి చూడండి. పనిచేస్తున్నాయా, ఫైల్ అర్థమవుతోందా? ఆ జర్నల్ మాటకీ చేతకీ ఎంత దూరమో అక్కడే తెలుస్తుంది. ఫీజు కట్టలేకపోతే మామూలు చందా జర్నల్‌లోనే వేసి, ప్రీప్రింట్ స్పోర్ట్‌ఆర్కైవ్‌లో పెట్టుకోవచ్చు, జర్నల్ ఒప్పుకుంటుందో లేదో ముందు చూసుకుని.

కాబట్టి ఈ వారం చేయాల్సింది: సమ్మతి పత్రం తీసి ఆ వాక్యం ఉందో లేదో చూడటం, ప్రీ టెస్ట్ ఫైల్‌ని ఉన్నది ఉన్నట్టు ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్‌లో ప్రైవేట్‌గా ఎక్కించడం, తర్వాత ఒకటి రెండు పేజీల ప్లాన్ రాసి గైడ్ గారికి చూపించడం. ప్లాన్‌లో ప్రధాన ఫలితం ఒక్కటే ఉండాలి. మూడు జంప్‌లలో ఏది తీసుకుంటారో, ఎంత హాజరు లేనివాళ్ళని ఏం చేస్తారో, ఏ టెస్ట్ వాడతారో స్పష్టంగా ఉండాలి. పోస్ట్ టెస్ట్ కొలిచే మనిషికి ఎవరు ఏ గ్రూపో తెలియకుండా చూసుకునే ఏర్పాటు కూడా అందులోనే రాయండి, దానికి ఖర్చేమీ కాదు, మీ డిపార్ట్‌మెంట్‌లోనే వేరే స్కాలర్‌ని పిలిస్తే చాలు. రిజిస్ట్రేషన్‌ని నాలుగేళ్ళ వరకు ఎవరికీ కనిపించకుండా ఉంచుకునే వీలుంది, కాబట్టి ప్లాన్ ముందే బయటపడుతుందనే భయం కూడా అక్కర్లేదు. పదో వారం లోపల సబ్మిట్ నొక్కేయండి, పన్నెండో వారంలో పోస్ట్ టెస్ట్ హడావిడి మొదలయ్యాక ఇది ఎవరికీ గుర్తుండదు.